కారం మానేసిన గల్లీ

మా బాపు నోటిమాటను నమ్మడు, అచ్చును నమ్ముతాడు. గల్లీలో ఎవరు ఏ కబురు తెచ్చినా "పేపర్ల రానీ, సూద్దాం" అంటాడు. ఐదో తరగతితో బడి మానేసి, మీసాలు రాకముందే కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాల ముందు, అంటే మరమగ్గాల ముందు, నిలబడ్డ మనిషి. చదువు మీద ఆయనకున్న గౌరవమంతా ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. నేను పుట్టింది ఇక్కడే, ఉధ్నాలోని ఈ గల్లీలోనే. బడిలో గుజరాతీ నేర్చుకున్నాను. తెలుగు మాత్రం బాపు నేర్పాడు, ఊరి నుంచి సామాను చుట్టుకొచ్చిన పాత పేపర్ల మీద నా వేలు పట్టుకుని.

అందుకే నాకు పేపర్‌లో పని దొరికినప్పుడు మా ఇంట్లో పండగైంది. అదొక గుజరాతీ దినపత్రిక. సాంచాల మీద బతికే మా తెలుగువాళ్ల కోసం వారానికి ఒకసారి ఒక తెలుగు పేజీ వేస్తుంది. కుల సంఘం సభలు, ఊళ్లో వానలు, రైళ్ల వేళలు, సినిమా కబుర్లు. గుజరాతీ వార్తలను తెలుగులోకి మార్చడం, అచ్చుతప్పులు దిద్దడం నా పని. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. నలుగురి ముందు నోరు విప్పడం నాకు చేతకాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుని ఊరుకునే రకాన్ని. అలాంటిదానికి అంతకన్నా మంచి ఉద్యోగం ఉండదనుకున్నాను.

కార్ఖానాకు సెలవున్న రోజు పొద్దున్నే మా ఇంటి ముందున్న గచ్చు అరుగు మీద కూర్చుని బాపు ఆ పేజీని పైకి చదువుతాడు. అది నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉన్న అలవాటు. చదువు రానివాళ్లు వస్తారు, చూపు ఆననివాళ్లు వస్తారు, చదువొచ్చినా బాపు గొంతులోనే వినాలనుకునేవాళ్లు కూడా వస్తారు. పక్క గదిలో ఉండే మామ, అంటే మా అమ్మ తమ్ముడు, చాయ్ గ్లాసుతో అందరికన్నా ముందు కూర్చుంటాడు. ప్రతి వార్తకూ తోక తగిలించడం ఆయన పని.

"బార్డోలీ చక్కెర మిల్లు ముందు రైతుల ధర్నా" అని బాపు చదివితే, "మనింట్ల చక్కెర ఎప్పుడూ ధర్నాలనే ఉంటది గదా బావా, కొత్తేమున్నది?" అంటాడు.

అలా చదువుతున్న గొంతు కొన్నాళ్లుగా ముద్దగా వస్తోందని మొదట గమనించింది అమ్మ. రొట్టెను గోరంత ముక్కలు చేసుకుని, చెంప పక్క నుంచి లోపలికి తోసుకుంటున్నాడు బాపు.

"ఏందయ్యా, సంటిపోరని లెక్క తింటున్నవ్?" అంది అమ్మ.

"బావకు సిగ్గెక్కువైందక్కా," అన్నాడు మామ. "కొత్త పెండ్లికొడుకు గిట్లనే తింటడు."

బాపు నవ్వాడు. నవ్వినా పెదవులు పెద్దగా విడిపోలేదు.

మా గల్లీలో అదేమీ వింత కాదు. సాంచాల దగ్గర బీడీ కాల్చనివ్వరు. గాలి నిండా దారపు నూగు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. చేతులు రెండూ తెగిన దారాల మీద ఉంటాయి. ఇక ఖాళీగా మిగిలేది చెంపే. అందులో జోడీ పెట్టుకుంటారు. జోడీ అంటే రెండు చిన్న పుడియాలు, ఒకదాంట్లో వక్క మసాలా, ఇంకోదాంట్లో పొగాకు. రెండూ కలిపి అమ్మకూడదని చట్టం కాబట్టి విడివిడిగా అమ్ముతారు. కొన్నవాళ్లు దుకాణం ముందే రెండూ చింపి, ఒకదాంట్లోకి ఒకటి ఒంపి, ఊపి నోట్లో వేసుకుంటారు. నిద్ర రాదు, ఆకలి తెలియదు, నూగు గొంతులోకి దిగదు అని నమ్మకం. కొత్తగా చేరినవాడికి తెగిన దారం ముడి వేయడం కన్నా ముందు అదే నేర్పుతారు. మసాలా పుడియా మీద "ఇందులో పొగాకు లేదు" అని రాసి ఉంటుంది. అందులో నిజంగానే ఉండదు.

అమ్మ పోరు పడలేక బాపు సర్కారు దవాఖానాకు వచ్చాడు. నేను తోడు వెళ్లాను. పళ్ల విభాగంలో ఉన్న డాక్టరమ్మ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. బాపుకు రెండు వేళ్లు కూడా పట్టలేదు. ఆమె లైటు వేసి చెంప లోపల చూసి, తెల్లటి మచ్చ ఉందని, జోడీ ఆ రోజు నుంచే మానెయ్యాలని, మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని హిందీలో చెప్పింది. క్యాన్సర్ అవునో కాదో అలాగే తెలుస్తుంది, ఆలస్యం చెయ్యకండి అంది. బాపు అన్నిటికీ తల ఊపాడు. బయటికి రాగానే చెప్పులేసుకుని గబగబా ఆటోల వైపు నడిచాడు.

"ముక్క గిట్ల కోస్తే లేని రోగం లేస్తది. పోదాం తీయ్."

"బాపూ, డాక్టరమ్మ చెప్పింది గదా..."

"డాక్టరంటె చెప్తది బిడ్డా, ఆమె పనే గది. నువ్వు చెప్పు. గింత పెద్ద ముచ్చట నిజమే అయితె మీ పేపర్ల ఎందుకు రాదు? ఉధ్నా టేషన్‌ల కుక్క కరిచినా రాస్తరు. సాంచాలోల్ల నోర్లు మూసుకపోతున్నయంటె రాయరా?"

బాపు అడిగినదాంట్లో తప్పేముంది? నిజమైతే రాయాలి కదా. పేపర్‌లో వస్తే ఆయన ముక్క తీయించుకుంటాడు. దారి అంత తేలిగ్గా కనిపించింది నాకు.

రాశాను. నా పేరుతో కాదు, మా బాపు పేరుతోనూ కాదు. సాంచాల దగ్గర బీడీ ఎందుకు ఉండదో, జోడీ ఎందుకు ఉంటుందో, రెండు పుడియాలు కలిశాక చెంపలో ఏమవుతుందో, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు. "సాంచాల మధ్య మూసుకుపోతున్న నోళ్లు" అని శీర్షిక పెట్టాను. తెలుగు పేజీ చూసే సార్ మా వైపు మనిషే, వయసు మళ్లినాయన. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చదివాడు.

"మంచిగ రాసినవమ్మా. పేరు వేద్దామా?"

"వద్దు సార్."

"సరే. జర చూస్త. పైన కూడా చూడాలె."

సెలవు రోజు వచ్చింది. బాపు అరుగు మీద కూర్చుని పేపర్ మడత విప్పాడు. అందులో నేను రాసింది వస్తుందని అమ్మ అప్పటికే గల్లీ అంతా చెప్పేసింది. మామూలు కన్నా ఎక్కువ మందే వచ్చారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

శీర్షిక నాదే. మొదటి పేరా నాదే. బాపు గొంతులో నా వాక్యాలు వింటుంటే ఒళ్లు వెచ్చబడింది. తర్వాతి పేరాకు వచ్చాడు.

"ఇందుకు ప్రధాన కారణాలు మితిమీరిన కారం, అరిగి పదునెక్కిన పళ్లు, నోటిని శుభ్రంగా ఉంచుకోకపోవడం."

పొరపాటున పక్క వార్తలోకి వెళ్లాడేమో అనుకున్నాను. కాదు. అదే గొంతుతో ముందుకు చదివాడు. ఆహారంలో కారం తగ్గించాలి. రోజూ ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. ఆందోళన అవసరం లేదు. అయిపోయింది. పొగాకు అన్న మాట లేదు, వక్క అన్న మాట లేదు, డాక్టరమ్మ లేదు, పరీక్ష లేదు. దాని కిందే సగం పేజీ, కుంకుమపువ్వు రేకుల మధ్య మసాలా పుడియా రంగుల ప్రకటన.

"నేను చెప్పలే?" అని తొడ చరుచుకున్నాడు మామ. "మా అక్క చేతి కారం! ముప్పై ఏండ్ల సంది బావ నోరు కాలుతనే ఉన్నది."

"అచ్చయింది సూడుండ్రి," అన్నాడు బాపు. ఆయన ముఖం ఎంత తేలికపడిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "కారమట. మా బిడ్డనే రాసింది." ఆ సంతోషంలో జేబులోంచి జోడీ తీసి, చింపి, ఒంపి, ఊపి, తెరుచుకున్నంత మేర నోట్లో వేసుకున్నాడు.

ఇంత తప్పును ఒక మనిషి కూర్చుని, నా వాక్యాల పక్కన, నా వాక్యాల్లాగే రాశాడా? బయటికి వెళ్లి కాదని చెప్పాలి. వెళ్లలేదు, తలుపు వెనకే ఉన్నాను.

మా గల్లీ కారం మానేసింది. నవ్వులాటకు కాదు, నిజంగానే మానేశారు. అమ్మ మామిడికాయ తొక్కు జాడీని అటక మీదికి ఎక్కించింది. పచ్చిపులుసులోకి మిరపకాయ కాల్చడం ఆపేసింది. మధ్యాహ్నం పూట చీరల కొసదారాలు కత్తిరించడానికి మా ఇంట్లో కూర్చునే ఆడవాళ్లు నన్ను చూసి మూతి విరిచేవాళ్లు. "నీ రాత పాడుగాను పిల్లా, మా ఇంట్ల కూరలన్నీ దవాఖాన కూరలైనయ్." బాపు పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్లు పుక్కిలించి ఉమ్మేవాడు. పుక్కిలించిన నోట్లోనే మళ్లీ జోడీ. పేపర్ చెప్పినదంతా తు.చ. తప్పకుండా చేస్తున్నానని ఆయన ధైర్యం.

ఆఫీసులో సార్‌ను అడగడానికి మూడు నాలుగుసార్లు లేచి కూర్చున్నాను. చివరికి అడిగాను.

"జాగా సరిపోలేదమ్మా, కొంచెం కోత పడ్డది."

"జాగా సరిపోకపోతే మాటలు తగ్గుతాయి సార్. కారం ఎక్కడి నుంచి వచ్చింది?"

ఆయన నా వైపు చూడలేదు. వేలితో పైఅంతస్తు చూపించి, చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

దీపావళి దాటాక గుజరాతీ కొత్త సంవత్సరానికి శేఠ్, అంటే మా పేపర్ యజమాని, పనివాళ్లందరినీ ఒకచోటికి పిలిచి పలకరించే ఆనవాయితీ ఉంది. స్నేహమిలన్ అంటారు. ఈసారి శేఠ్‌వాళ్ల ఫ్యాక్టరీ ఒకదాంట్లో అన్నారు. బస్సు జోల్వా దాటి పొలాల మధ్యకు తిరిగింది. నా పక్కన ప్రకటనల విభాగంలో పనిచేసే గుజరాతీ అమ్మాయి కూర్చుంది. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, నేను జవాబు చెప్పకపోయినా మాట్లాడుతూనే ఉంటుంది.

బస్సు దిగగానే వాసన తగిలింది. గులాబీ నీళ్లు, ఏలకులు, వాటి అడుగున ఏదో ఘాటు. నాకు ఆ వాసన బాగా తెలుసు. మా ఇంట్లో దండెం మీద ఉంటుంది, బాపు చొక్కా జేబులో ఉంటుంది. ఇక్కడ గాలంతా అదే.

"ఇక్కడ ఏం తయారు చేస్తారు?" అని అడిగాను.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "అరే, తనే ఖబర్ నథీ?" నీకు తెలియదా అని. గేటు మీద ఉన్న బోర్డు చూపించింది. మా పేజీ కింద ప్రతి వారం వచ్చే పేరే, మనిషెత్తు అక్షరాలతో. "పేపర్ పెద్ద శేఠ్ చూసుకుంటాడు, మసాలా తమ్ముడు. అదిగో, ఆ గోడవతల షెడ్డు పొగాకుది, అది బావమరిది. అంతా ఒక ఇల్లే కదా."

ఎవరూ దాచలేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కొట్టింది అదే. కుట్ర అంటే చీకటి గది, గుసగుసలు అని పుస్తకాల్లో చదువుకున్నదాన్ని. ఇక్కడ గేటుకు మామిడాకుల తోరణం కట్టి ఉంది. మా ఇంటి గోడ మీద ఉన్న క్యాలెండర్‌లో పేపర్ పేరు పైన ఉంటుంది, మసాలా పేరు కింద ఉంటుంది. నేను రోజూ మధ్యలో ఉన్న తేదీలు చూసుకున్నాను.

శేఠ్ మెత్తటి మనిషి. చేతులు జోడించి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి "సాల్ ముబారక్" అని మిఠాయి డబ్బా ఇచ్చాడు. నేను తెలుగు పేజీ అని తెలిసి ఆగాడు. మీ పేజీ మాకు చాలా ముఖ్యమమ్మా అన్నాడు హిందీలో. ఒక్క క్షణం నాకు సంతోషం కూడా కలిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ముఖం మంట పుడుతుంది.

చాయ్ దగ్గర సార్ ఒంటరిగా దొరికాడు. నా ముఖం చూసే ఆయనకు అర్థమైనట్టుంది.

"గీ పేజీ ఎందుకు మొదలైందనుకున్నవమ్మా?" అన్నాడు మెల్లగా. "సాంచాల మీద మనోల్లే ఎక్కువ. పుడియా కొనేటోల్లు వాల్లే. పుడియా ముచ్చట మన భాషల చెప్పాలంటె దాని చుట్టూ నాలుగు వార్తలు ఉండాలె గదా."

ఊళ్లో వానలు, రైళ్ల వేళలు, సంఘం సభలు. నేను ఒక్కో మాట వెతికి, సున్నా దగ్గర కూడా ఆగి దిద్దినవన్నీ ఆ ప్రకటన చుట్టూ కూరిన పాత పేపర్లలాంటివి.

"మీరు తింటారా సార్, జోడీ?"

"ఛీ. నేనెందుకు తింట?" అన్నాడు వెంటనే. తర్వాత తల దించుకున్నాడు. "గీ వయసుల, సూరత్‌ల, తెలుగుల నాకు పని ఎవరిస్తరమ్మా?"

తిరుగు బస్సులో ఆ అమ్మాయి మిఠాయి తింటూ ఏవేవో చెప్పింది. నాకేమీ వినపడలేదు. కరెంటు పోయి కార్ఖానాలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు చెవుల్లో ఒక హోరు మిగులుతుంది. ఉధ్నా చేరేదాకా అదే హోరు. అందులో ఒక్క మాట మాత్రం తేటగా ఉంది. బాపు చెంపలో మచ్చ పెరుగుతోంది, దాన్ని కారం మచ్చ అనుకుంటున్నాడు.

తర్వాతి సెలవు రోజుకు బాపు నోరు ఇంకా బిగుసుకుంది. పేపర్ విప్పి, రెండు వాక్యాలు చదివి, దాన్ని తలుపు వైపు చాచాడు. "మాటలు తిరుగుతలేవు బిడ్డా. నువ్వు సదువు."

బయటికి వచ్చాను. కూర్చున్నాను. పేపర్ మోకాళ్ల మీద పరుచుకున్నాను. మొదటి వార్త చదివాను, రెండోది చదివాను. తర్వాత తల ఎత్తకుండానే నేను రాసింది మొదలుపెట్టాను. అది నాకు కంఠతా వచ్చు. బీడీ ఎందుకు ఉండదో, జోడీ ఎందుకు ఉంటుందో, రెండు పుడియాలు కలిశాక చెంపలో ఏమవుతుందో.

మామ మెడ చాచి పేజీలోకి చూశాడు. ఆయనకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. "ఏ పిల్లా, గది ఏడున్నది? గీడ లేదు గదా."

"లేదు మామా. ఇది నేను రాసింది. వాళ్లు తీసేసిండ్రు. కారం నేను రాయలేదు. కారం వాళ్లు పెట్టిండ్రు." పేజీ కింద ఉన్న ప్రకటన మీద వేలు పెట్టాను. "పేపరు, పుడియా, ఒక్కింటోల్లయే."

వెనక నుంచి ఒకాయన అన్నాడు, "గది ఎర్కనే పిల్లా. జోల్వా దిక్కు పోతుంటె బోర్డు కనవడ్తది."

"అవ్, నాకూ ఎర్కనే," అన్నాడు మామ. "శేఠ్ అన్నంక నాలుగు దుకాన్లుంటయ్. అయితేంది?"

మళ్లీ అదే దెబ్బ, ఈసారి నా వాళ్ల నుంచి. వీళ్లకు తెలుసు. తెలిసి కూడా కూరలో కారం మానేశారు. బోర్డు ఒకచోట చూశారు, పేజీ ఒకచోట విన్నారు. ఆ రెండింటినీ కలిపి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

బాపుకు మాత్రం తెలియదు. పేపర్ నా ఒళ్లోంచి తీసుకుని, పై పేరూ కింది ప్రకటనా మార్చి మార్చి చూశాడు.

"గింతమందికి నేనే సదివిన," అన్నాడు చివరికి. "కారమని నేనే సదివిన." మామ వైపు తిరిగాడు. "ఎర్కుండి నవ్వుకుంట కూసున్నవారా?"

"నాకేమెర్క బావా... అచ్చయిందని నువ్వే అంటివి గదా."

బాపు లేచి లోపలికి వెళ్లాడు. ఆ రోజంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున షిఫ్టుకు పోలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, "దవాఖానకు పోదాం పా బిడ్డా" అన్నాడు.

ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా ఆయన జోడీ ముట్టలేదని చెప్పలేను. ఒకసారి సాంచాల ముందు నిలబడే కునుకు పట్టి చెయ్యి తగిలించుకున్నాడు, ఆ రోజు వేసుకున్నాడు. మర్నాడు మళ్లీ మానేశాడు. నేను ఆఫీసుకు వెళ్లడం ఆపేశాను. సార్ ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి, ఇంకా క్యాన్సర్ కాలేదు అంది. ఆ రోజు తోడు వచ్చిన అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. మానకపోతే అవుతుంది, మానినా ప్రతి కొన్ని నెలలకూ వచ్చి చూపించుకోవాలి, నోరు మాత్రం మునుపటిలా తెరుచుకోదు అంది డాక్టరమ్మ. బాపు అంతా విన్నాడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఇంత పెద్ద సంగతి మీరు పేపర్‌లో ఎందుకు రాయరని, కార్ఖానా హిందీలో, ముద్ద మాటలతో అడిగాడు.

ఆమె కలం ఆపింది. "లిఖా థా," అంది. రాశాను, ఇక్కడి పేపర్లకే పంపాను.

"వచ్చిందా మరి?"

"వచ్చింది."

"ఏమని వచ్చింది?"

"పళ్లు ఎట్లా తోముకోవాలని," అంది డాక్టరమ్మ.

బాపు నవ్వబోయాడు. నోరు అంత తెరుచుకోలేదు. కళ్లు మాత్రం నా వైపు తిరిగి అలాగే ఉండిపోయాయి.